వీపులు తిప్పుకుని చేసే లెక్క

మా పిన్ని నర్సు. ఆస్పత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవారు ఒక్కరూ లేరు. కంటి విభాగంలో ఏళ్ల తరబడి రోగుల కళ్ళలో మందు చుక్కలు వేసినందువల్ల అందరికీ ఆమె చుక్కలమ్మ అయిపోయింది. తల వెనక్కి వాల్చమనడం, పైకి చూడమనడం, రెప్ప కిందికి లాగి ఒక్క చుక్క వదలడం, ఇదే ఆమె ఉద్యోగం. పెద్దవాళ్ళు సరిగ్గా ఆ క్షణానికే కన్ను మూసేసి మందంతా చెంప మీదికి జార్చుకునేవారు గాని, పిల్లలు మాత్రం ఆమె దగ్గర బుద్ధిగా కళ్ళు తెరిచేవారు. "నీ కంట్లో ఒక బుల్లి మనిషి ఉన్నాడమ్మా, వాడికి స్నానం వేళయింది, తలుపు తియ్యి" అనేది. ఆ బుల్లి మనిషి ఎలా ఉంటాడో తేల్చుకోవాలన్న పట్టుదలలో పిల్లలు రెప్ప వేయడమే మరిచిపోయేవారు.

ఆమెకు పిల్లల వార్డులో పని చేయాలని ఎప్పటినుంచో కోరిక. ఏటా అడిగేది, ఏటా "వచ్చే ఏడు చూద్దాం" అనేవారు. నేను న్యాయశాస్త్రం చదువు ముగించి, ఒక సీనియర్ న్యాయవాది దగ్గర పని నేర్చుకోవడానికి పిన్ని ఇంట్లో దిగినప్పుడు, ఈ అన్యాయం మీద నా రక్తం ఉడికిపోయింది. ఆమె తరఫున మూడు పేజీల వినతిపత్రం రాశాను. అందులో సమానత్వం గురించి ఒక పేరా, సహజ న్యాయం గురించి రెండు పేరాలు ఉన్నాయి. పిన్ని దాన్ని ఆసాంతం చదివి, చాలా బాగుందని మెచ్చుకుని, నాలుగు మడతలు పెట్టి, ఆడుతున్న భోజనాల బల్ల కాలి కింద పెట్టింది. బల్ల కుదురుకుంది. ఆ తర్వాత పిల్లల వార్డులో ఒక నర్సు మరో ఊరికి వెళ్ళిపోతే, వినతిపత్రాలతో నిమిత్తం లేకుండానే, పిన్నిని ఆ స్థానంలో వేశారు. మూడు నెలలు పరీక్షా కాలం. అది ముగిసేసరికి వార్డు పెద్ద సిస్టర్ సరేనంటే పిన్ని అక్కడే ఉంటుంది. కాదంటే మళ్ళీ బుల్లి మనుషులకు స్నానాలు.

ఆ వార్డులో పిల్లల్ని ఓదార్చడం పిన్నికి సమస్య కాలేదు. సమస్యల్లా లెక్క.

వాంతుల వల్లనో, ఆపరేషన్ అయినందువల్లనో నోటితో ఏమీ పుచ్చుకోలేని పిల్లలకు రక్తనాళం గుండా సెలైన్ ఎక్కిస్తారు. పెద్దవాళ్ళ ఒళ్ళు కాస్త హెచ్చుతగ్గులను ఓర్చుకుంటుంది. పిల్లలకు ఆ వెసులుబాటు తక్కువ. ఎక్కువైతే ఒంటికి నీరు పడుతుంది, మరీ మితిమీరితే మెదడుకే ముప్పు వస్తుంది. తక్కువైతే పిల్ల వాడిపోతుంది. అందుకని ఎవరి బరువును బట్టి వారి లెక్క. బరువులో మొదటి పది కిలోలకు కిలోకు నాలుగేసి మిల్లీలీటర్లు, తర్వాతి పది కిలోలకు రెండేసి, ఆ పైన ఎంత ఉంటే అంతకు ఒక్కొక్కటి. మూడూ కలిపితే ఆ బిడ్డకు గంటకు ఎంత పోవాలో వస్తుంది. ఏ రకం సెలైన్ పెట్టాలో, పూర్తిగా ఇవ్వాలో తగ్గించాలో డాక్టరు నిర్ణయిస్తారు. గంటకు ఎంత అన్నది ఇద్దరు నర్సులు కట్టి చెబితే, ఆయన చూసి సంతకం చేస్తారు.

ఆ ఇద్దరు నర్సులు కట్టే పద్ధతే ఆ వార్డు ప్రత్యేకత. దాన్ని పెద్ద సిస్టర్ పెట్టింది. ఇద్దరూ మంచానికి వేలాడే బరువు చీటీ చూసుకుని, ఒకరికొకరు వీపులు తిప్పుకుని నిలబడి, ఎవరి మనసులో వారు లెక్క కట్టాలి. పెద్ద సిస్టర్ "ఊఁ" అనగానే ఇద్దరూ ఒక్కసారే అంకె పైకి చెప్పాలి. కలిస్తే సెలైన్ కదులుతుంది. కలవకపోతే ఎవరిది తప్పన్న విచారణ లేకుండా బిడ్డను మళ్ళీ తూచి, ఇద్దరూ మొదటినుంచీ మళ్ళీ కట్టాలి. పిన్ని నాకు ఈ సంగతి చెప్పిన రోజున నేను అన్నం తినడం ఆపేశాను. సాక్షుల్ని విడివిడిగా విచారించాలన్న సూత్రాన్ని ఇంత చక్కగా అమలు చేసిన చోటు నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

"అంత ఆనందపడకే లాయరమ్మా," అంది పిన్ని. "ఆ వీపు తిప్పగానే నాకు చెమటలు పడుతున్నాయి."

పిన్నికి జోడీగా పడిన నర్సు పేరు మెరుపు. వయసులో నాకంటే కొంచెం పెద్ద. ప్రతి మంచం మీది బరువునూ తలలో దాచుకుని, చీటీ వంక చూడకుండానే లెక్క చెప్పేస్తుందని ఆమెకు ఆ పేరు. అలాంటి మనిషికీ పిన్నికీ అంకెలు ప్రతిరోజూ కలుస్తున్నాయని విని నేను గర్వపడ్డాను. అయినా పిన్ని సాధన చేయాల్సిందేనని, సాయంత్రాలు వంటింట్లో నేనే మెరుపు పాత్ర ధరించాను. బాబాయి పెద్ద సిస్టర్. ఆయన బడి పిల్లల వ్యాను నడుపుతారు. అరుపులు విని విని ఆయన "ఊఁ" అంటే నాలుగిళ్ళకు వినబడుతుంది.

వీపులు తిప్పుకున్నాం. పద్నాలుగు కిలోలు. ఇద్దరం నలభై ఎనిమిది అన్నాం. పదకొండు కిలోలు. ఇద్దరం నలభై రెండు అన్నాం. ప్రతి జవాబూ సరైనదే. కానీ తర్వాత పిన్ని ఒంటరిగా గిన్నెలు తోముతున్నప్పుడు, మామూలుగా అడిగినట్టు, "పన్నెండు కిలోలైతే ఎంత పిన్నీ?" అన్నాను. ఆమె గిన్నె తోముతూనే ఉండిపోయింది. ఆ గిన్నె అప్పటికే అద్దంలా మెరిసిపోతోంది.

నాకు అనుమానం వచ్చింది. మర్నాడు సాయంత్రం వలపన్నాను. పదిహేను కిలోలు అన్నాను. సరైన జవాబు యాభై. బాబాయి "ఊఁ" అనగానే నేను గట్టిగా "నలభై అయిదు" అన్నాను. నా వెనకనుంచి, అర క్షణం ఆలస్యంగా, అంతే నిబ్బరంగా "...లభై అయిదు" అని వినిపించింది.

నేను గిర్రున తిరిగాను. "పిన్నీ! నేను చెప్పింది తప్పు."

"అయితే నువ్వెందుకు చెప్పావే తప్పు?" అని పిన్ని ఎదురుదాడికి దిగింది.

"నువ్వు లెక్క కట్టడం లేదు. నా నోటినుంచి అందుకుని వంత పాడుతున్నావు."

బాబాయికి నవ్వు ఆగలేదు. "అదా సంగతి! పెళ్ళయిన కొత్తలో నేను ఏ సినిమా బాగుందంటే ఆ సినిమా బాగుందనేది. అభిప్రాయాలు కలిశాయని మురిసిపోయాను."

"మీరు ఊరుకోండి," అంది పిన్ని. చెవులు ఎర్రబడ్డాయి.

"వార్డులో కూడా ఇంతేనా?" అని అడిగాను. పిన్ని చెంగుతో చేతులు తుడుచుకుంది. "పిన్నీ, ఇద్దరు సాక్షులు ఉండాలన్న చోట ఒకరు చెప్పింది రెండోవారు అప్పజెబితే, అక్కడ ఉన్నది ఒక్క సాక్షి. పైగా ఇద్దరున్నారన్న ధీమా ఒకటి అదనం. ఒక్కరే అయితే డాక్టరు ఒకసారి తరచి చూసేవాడు. ఇద్దరూ ఒకే మాట అన్నారంటే ఆయన కలం ఆగుతుందా?"

"మెరుపు ఎప్పుడూ తప్పు చెప్పదు కదే."

"ఎప్పుడైనా చెబితే?"

పిన్ని బల్ల ముందు కూర్చుంది. నేను ఇంకో నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకుని ఉన్నాను గాని, బాబాయి నా వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపారు.

"మొదటి రోజు తొందరలో అలా జరిగింది," అంది పిన్ని చివరికి. "అంకె కలిసింది. పెద్ద సిస్టర్ తల ఊపింది. రెండో రోజు నేను కట్టబోతుండగానే ఆ పిల్ల చెప్పేసింది. కలవలేదంటే అందరూ నావైపే చూస్తారు. కొత్తదాన్ని, పెద్దదాన్ని. కంటి విభాగానికి పంపేస్తారని భయమేసింది. అలాగే అలవాటైపోయింది."

"పెద్ద సిస్టర్‌కి చెప్పాలి."

"నువ్వేం చెప్పక్కర్లేదు. నా నోరు నాకుంది. ఈసారి అది నా మాటే చెబుతుంది."

అన్నట్టే పొద్దున్నే వెళ్ళి చెప్పేసింది. పెద్ద సిస్టర్ అరవలేదట. ముందుగా, ఆ సమయంలో సెలైన్ ఎక్కుతున్న పిల్లలందరి లెక్కలూ తానే స్వయంగా మళ్ళీ కట్టి చూసిందట. అన్నీ సరిగ్గానే ఉన్నాయట. ఆ తర్వాత పిన్నిని కూర్చోబెట్టి, "పరీక్షా కాలం ముగిసేలోగా నీ నోట్లోంచి నీ లెక్క రావాలి. రాకపోతే నిన్ను ఇక్కడ ఉంచలేను. పిల్లలు నిన్ను ఎంత ఇష్టపడినా సరే" అందట. మెరుపు మాత్రం ఒక పూటంతా పిన్నితో మాట్లాడలేదట. "నా వెనక ఒకరున్నారన్న నమ్మకంతో నేను అంత జోరుగా చెబుతున్నానక్కా. వెనక ఎవరూ లేరని ఇప్పుడు చెబుతున్నావు!" అందట.

మిగిలినవి మూడు వారాలు. నేను పిన్నికి పాఠం మొదలుపెట్టాను. పన్నుల చట్టంలో ఆదాయాన్ని అంచెలుగా విడగొట్టి, ఒక్కో అంచెకు ఒక్కో రేటు వేసే పద్ధతి ఉంటుంది; ఇదీ అలాంటిదేనని, చట్టపు సెక్షన్లతో సహా వివరించాను. పిన్ని శ్రద్ధగా విని, ఇరవై రెండు కిలోల పాపకు గంటకు ఇరవై రెండు మిల్లీలీటర్లు అని చెప్పింది. ఇరవై దాటింది కాబట్టి మొత్తం బరువుకు కిలోకు ఒక్కటేనట. చివరి అంచె రేటు మొత్తానికీ వర్తిస్తుందనుకోవడం పన్నుల విషయంలో చదువుకున్నవారు కూడా చేసే పొరపాటే. నేను నుదురు కొట్టుకుని, సెక్షన్లు మళ్ళీ మొదలుపెట్టాను.

"ఆగవే," అంది పిన్ని. "ఇరవై రెండు కిలోల పిల్లంటే రెండో తరగతి చదివే పిల్ల. పదికిలోల పసిదానికి నలభై ఇచ్చి దీనికి ఇరవై రెండా? పెద్దదానికి దాహం తక్కువా? ఇది ఎక్కడో తన్నుతోంది."

ఆ మాట ఆమె తనంతట తాను అంది. నేను నోరు మూసుకోవడం నేర్చుకున్నది అప్పుడే. పిన్ని కుట్టుపని డబ్బా తెచ్చి, గుండీలన్నీ బల్ల మీద పోసి, మూడు గిన్నెలు వరసగా పెట్టింది. కిలోకు ఒక గుండీ. మొదటి గిన్నెలో పది పట్టాక రెండో గిన్నె. అదీ నిండితే మూడోది. మొదటి గిన్నెలో గుండీ విలువ నాలుగు, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో ఒకటి. బడి వ్యానులో ముందు సీటు నిండాకే వెనక సీటు అన్నట్టుందని బాబాయి అన్నారు. పిన్నికి అది నచ్చింది.

ఒక సాయంత్రం బాబాయి చొక్కా పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "దీని గుండీ ఏది?"

"మూడో గిన్నెలో ఉంది," అంది పిన్ని తలెత్తకుండా. "ప్రస్తుతం దాని విలువ ఒక్కటే. తీస్తే పిల్లకు సెలైన్ తగ్గుతుంది."

ఆయన ఆ చొక్కాను గుండీ లేకుండానే తొడుక్కు తిరిగారు. పిన్ని క్రమంగా గిన్నెలు లేకుండా కళ్ళు మూసుకుని గుండీలు వేయడం నేర్చుకుంది. నిదానంగా, పెదవులు కదుపుతూ. అయినా పదింట ఒకటి రెండు తప్పేవి. వార్డులో పెద్ద సిస్టర్ రోజూ వింటోంది. తల ఊపడం లేదు, అడ్డంగానూ తిప్పడం లేదు.

పరీక్షా కాలం చివరి రోజుల్లో ఒకనాడు కోర్టుకు సెలవు. పిన్ని మరిచిపోయిన టిఫిన్ డబ్బా తీసుకుని నేను ఆస్పత్రికి వెళ్ళాను. పిల్లల వార్డు పొడుగాటి గది. గోడలకు లేత నీలం రంగు, రెండు వరసల మంచాలు, ఒక చివర తూచే యంత్రం. కిటికీ పక్క మంచం మీద రెండు జడల పాప ఒకతి కూర్చుని ఉంది. ముందురోజంతా వాంతులతో ఆమె కోల్పోయిన నీటిని అత్యవసర విభాగంలో భర్తీ చేసి, ఆ పొద్దునే ఇక్కడికి మార్చారట. ఇక ఆమె నోటితో తాగే వరకు రోజువారీ అవసరానికి సరిపడా సెలైన్ ఇస్తే చాలు. పాపకు నీరసం తగ్గినట్టుంది, ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఆంటీ, ఈ నీళ్ళు చేతిలోంచి పోతే నోటికి ఎలా తెలుస్తుంది?"

"సాయంత్రానికి చెయ్యి వెళ్ళి చెబుతుందిలే," అంది పిన్ని.

అప్పుడే పెద్ద సిస్టర్ వచ్చి నిలబడింది. పిన్ని మంచానికి ఉన్న చీటీ చూసింది. ఇరవై నాలుగు కిలోలు. నాకూ కనబడింది. పిన్ని, మెరుపు వీపులు తిప్పుకున్నారు. నా మనసులో అరవై నాలుగు అప్పటికే వచ్చేసింది. పిన్ని పెదవులు కదులుతున్నాయి. మెరుపు గోళ్ళు చూసుకుంటోంది.

"ఊఁ," అంది పెద్ద సిస్టర్.

"యాభై ఆరు," అంది మెరుపు.

"అరవై ఎనిమిది," అంది పిన్ని, అదే క్షణంలో.

రెండూ తప్పే! నేను నోరు తెరిచాను. పెద్ద సిస్టర్ నా వైపు తిరగకుండానే ఒక వేలు పైకెత్తింది. "అమ్మాయ్, ఈ కేసులో మీకు వకాల్తా లేదు."

నేను టిఫిన్ డబ్బాను గుండెకు అదుముకుని నిలబడ్డాను. "అక్కా, యాభై ఆరు," అంది మెరుపు మెల్లగా, నచ్చజెబుతున్నట్టు. మెరుపు ఎప్పుడూ తప్పు చెప్పదన్నది ఆ వార్డులో అందరి నమ్మకం. ఒక్క మాట, "అవునవును, నాదే పొరపాటు" అంటే పిన్నికి అందరి చూపులూ తప్పుతాయి. ఆమె ఆ మాట అంటుందేమోనని నాకు అనిపించింది కూడా.

"నాది తప్పే కావచ్చు," అంది పిన్ని. "కానీ నాకు వచ్చింది అరవై ఎనిమిదే. నీది విని మార్చను. పాపను మళ్ళీ తూచుదాం."

పాప ఉత్సాహంగా తూచే యంత్రం ఎక్కింది. "నేను తగ్గానా, పెరిగానా?"

"నువ్వు అలాగే ఉన్నావు తల్లీ, మేమే కదిలాం," అంది పిన్ని.

ఇరవై నాలుగు. ఆ అంకె చూసి మెరుపు నాలుక కరుచుకుంది. అదే మంచం మీద నిన్న పద్దెనిమిది కిలోల పిల్ల ఉంది. ఆ బిడ్డ పొద్దునే ఇంటికి వెళ్ళిపోయింది. మెరుపు తలలోంచి మాత్రం వెళ్ళలేదు. పిన్ని కూడా వేళ్ళు విప్పి మళ్ళీ లెక్కపెట్టుకుంది. చివరి నాలుగు కిలోలకూ ఒక్కొక్కటి వేయాల్సింది పోయి రెండేసి వేసినట్టు ఆమెకే దొరికింది. మళ్ళీ వీపులు తిప్పుకున్నారు. ఈసారి మెరుపు కూడా పెదవులు కదిపింది.

"అరవై నాలుగు," అన్నారిద్దరూ.

చిన్న చుక్కల గొట్టంలో గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు పడాలి. డాక్టరుగారి సంతకం అయ్యాక పిన్ని గడియారం చూస్తూ చుక్కలు సరిచేసింది. చుక్కల దగ్గర ఆమెకు ఎవరూ నేర్పాల్సింది లేదు. చెయ్యి నిలకడగానే ఉంది గాని, పని ముగించి పెద్ద సిస్టర్ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు నిండాయి.

"ఈరోజు కూడా తప్పే చెప్పాను సిస్టర్. రేపటినుంచి కంటి విభాగానికి వెళ్ళమంటారా?"

"ఎందుకు?" అంది పెద్ద సిస్టర్.

"తప్పు కదండీ."

"తప్పే. ఆమెదీ తప్పే. ఒక పూట గంటకు ఎనిమిది తక్కువైతే ఆ పిల్ల ప్రాణం మీదికి రాకపోవచ్చు. రేపు ఇంకో బిడ్డకు, ఇంకో అంకెకు రావచ్చు. పాత అలవాటు ప్రకారం నువ్వు ఆమె మాటే అందుకుని ఉంటే యాభై ఆరు కలిసేది, డాక్టరుగారు సంతకం పెట్టేవారు, నేనూ తల ఊపేదాన్ని." ఆమె మెరుపు వైపు చూసి మళ్ళీ పిన్ని వైపు తిరిగింది. "నేను వీపులు తిప్పి నిలబెట్టింది తప్పులు చేయని మనుషుల కోసం కాదమ్మా. అలాంటి వాళ్ళయితే ఒక్కరే చాలు. నాకు ఇద్దరు కావాలి. ఇన్నాళ్ళూ ఒక్కరే ఉన్నారు. ఈరోజు ఇద్దరున్నారు. ఇద్దరూ ఇక్కడే ఉండండి."

పిన్నికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. మెరుపుకు ముందే అర్థమైంది. పిన్ని భుజం పట్టుకుని ఊపేస్తూ, "అక్కా, ఉండమంటున్నారు! నువ్వు నాకు ఉన్నావిక!" అంది.

"నువ్వు మాత్రం చీటీ చూసి చెప్పు," అంది పెద్ద సిస్టర్ ఆమెతో. "నీ బుర్ర మంచిదే, కానీ పిల్లలు దానికి చెప్పి ఇంటికి వెళ్ళరు."

నేను ఆ పద్ధతిని అన్ని ఆస్పత్రుల్లోనూ తప్పనిసరి చేయాలంటూ అక్కడికక్కడే ఏదో మొదలుపెట్టబోతే, పిన్ని నా చేతిలోంచి టిఫిన్ డబ్బా లాక్కుని, "ముందు నన్ను తిననివ్వవే తల్లీ" అంది.

పిన్నితో కలిసి ఇంటికి వెళ్దామని సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాను. పాపకు వాంతులు పూర్తిగా ఆగాయి. డాక్టరు వచ్చి చూసి, కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించి చూడమని, తాగినవి నిలబడితే సెలైన్ సగానికి తగ్గించమని చెప్పారు. పాప చెంచాతో నీళ్ళు తాగింది. మొదటి చెంచాను చాలాసేపు నోట్లో ఉంచుకుని, "చెయ్యి వచ్చి చెప్పిందాంటీ," అంది. నీళ్ళు నిలిచాయి.

సగం ఎంతో తేల్చడానికి మళ్ళీ పిన్నీ మెరుపూ వీపులు తిప్పుకున్నారు. మధ్యాహ్నం నుంచి ఈ తంతును గమనిస్తున్న పాప చటుక్కున మంచం మీద కూర్చుని, తాను కూడా గోడ వైపు తిరిగి, సెలైన్ చెయ్యి కదలకుండా రెండో చేత్తో కళ్ళు మూసుకుంది. పెద్ద సిస్టర్ ఒక్క క్షణం ఆగి, పాప కూడా సిద్ధమయ్యాక, "ఊఁ" అంది.

"ముప్పై రెండు," అన్నారు పిన్ని, మెరుపు.

"వంద!" అంది పాప.

మెరుపు నవ్వుతూ గొట్టం వైపు చెయ్యి చాపింది. పిన్ని ఆ చేతిని ఆపి, పాప వంక ఎంతో గంభీరంగా చూసింది.

"కలవలేదమ్మాయ్," అంది. "మళ్ళీ కట్టాలి. అందరూ తిరగండి."